‘కంచే చేను మేస్తే కాపేమి చేయగలడు’: ఈ సామెత స్వయం ప్రతిరక్షక వ్యాధులకు సరిపోతుందా?

ప్రశ్న (దేవరకొండ నుంచి ఒక ఉపాధ్యాయురాలు)

సభ్యులందరికీ నమస్కారం. మా ఉన్నత పాఠశాల పిల్లలకు స్వయం ప్రతిరక్షక వ్యాధుల గురించి తెలుగులో ఒక ప్రసంగం సిద్ధం చేస్తున్నాను. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే ఒంటి మీద పడుతుందని చెప్పడానికి ‘కంచే చేను మేస్తే కాపేమి చేయగలడు’ అన్న సామెతను వాడుకోవచ్చునా? ‘పురుష హార్మోన్లు ఈ వ్యాధులు రాకుండా కాపాడతాయి’ అన్న వాక్యం కూడా ఒకచోట చదివాను. దాన్ని ఉన్నదున్నట్టు చెబితే పిల్లలు మరోలా అర్థం చేసుకుంటారేమోనని సందేహంగా ఉంది. పెద్దలు వివరించగలరు.

జవాబు (నల్లగొండ నుంచి)

అమ్మా, సామెత చక్కగా సరిపోతుంది. మన ఇళ్లలో వాడే మాట కంటే ఇదే నయం. చర్మం, కీళ్లు, మూత్రపిండాల వంటి అనేక అవయవాలను దెబ్బతీసే లూపసో, కీళ్లవాతమో (రుమటాయిడ్ ఆర్థరైటిస్) వచ్చిన మనిషిని చూసి ‘ఇమ్యూనిటీ తగ్గింది, అందుకే వచ్చింది’ అనడం మనకు మామూలైపోయింది, ఆ మాట నమ్మి ఇమ్యూనిటీ పెంచుతాయని చెప్పే పొడులు కొని తాగించేవారూ ఉన్నారు. ఈ జబ్బుల్లో కంచె విరిగిపోలేదు, చేలోకి దిగి మేస్తున్నది. లూపస్‌లో సొంత కణాల డీఎన్ఏకు వ్యతిరేకంగానే ప్రతిరక్షకాలు తయారవుతాయి. కీళ్లవాతంలో దాడి కీళ్ల లోపలి పొర మీద, హషిమోటో వ్యాధిలో థైరాయిడ్ గ్రంథి మీద జరుగుతుంది. తలలో రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు ఊడి నున్నగా కనిపించే పేనుకొరుకుడు కూడా ఈ కోవలోదే. పేరులో పేను ఉన్నా, ఆ జబ్బుకు పేనుతో ఏ సంబంధమూ లేదు, రోగనిరోధక కణాలు వెంట్రుకల కుదుళ్ల మీద పడటమే దానికి కారణం. మీ పిల్లలకు ముందుగా ఈ ఉదాహరణే చెప్పండి, వారందరూ చూసిన జబ్బు కదా.

మన జిల్లాకు సంబంధించిన మాట ఒకటి ఇక్కడే చెప్పాలి. కీళ్ల నొప్పులనగానే మర్రిగూడ వైపు అందరి దృష్టీ ఫ్లోరైడ్ నీళ్ల మీదికి పోతుంది, ఆ ప్రాంతం పడిన బాధ తెలిసినవారు దాన్ని తప్పుపట్టరు. అయితే పొద్దున లేవగానే గంటసేపు పిడికిలి బిగించలేక, రెండు చేతుల వేలి కణుపులూ ఒకే తీరుగా వాచిన స్త్రీకి కీళ్లవాతం పరీక్ష చేయించకుండా నీళ్ల మీద నెపం వేసి వదిలేయడం ఆమెకు అన్యాయం చేయడమే అవుతుంది.

సామెత రెండో సగం నాకు మరీ ముఖ్యంగా తోస్తున్నది. కాపు అంటే ఇక్కడ సేద్యం చేసే మనిషి. కాచు అన్న క్రియ కూడా ఆ మాటలో వినిపిస్తుంది. కాపేమి చేయగలడన్న ప్రశ్నకు శరీరం దగ్గర ఒక జవాబు ఉంది. రోగనిరోధక వ్యవస్థను అదుపులో పెట్టే నియంత్రక టీ కణాలను (టీ కణాలు తెల్ల రక్తకణాలలో ఒక రకం) జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచి 1995లో గుర్తించారు, ఈ విషయంలో చేసిన కృషికే ఆయనకూ మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకూ 2025లో వైద్య నోబెల్ బహుమతి వచ్చింది. ఈ అదుపులో హార్మోన్లకూ పాలు ఉంది. మీ రెండో ప్రశ్న అక్కడి నుంచే పుడుతుంది.

లూపస్ వచ్చిన ప్రతి పదిమందిలో సుమారు తొమ్మిదిమంది స్త్రీలే. కీళ్లవాతంలో ఒక పురుషుడికి ఇద్దరు ముగ్గురు స్త్రీల చొప్పున కనిపిస్తారు. ఈ తేడాకు కారణం వెతుకుతూ 1978లో అమెరికా శాస్త్రవేత్తలు, లూపస్ వంటి వ్యాధి సహజంగానే వచ్చే ఒక జాతి ఎలుకల మీద పరిశోధన ప్రచురించారు. వృషణాలు తీసివేసిన మగ ఎలుకలకు వ్యాధి ముదిరి అవి త్వరగా చనిపోయాయి, ఆండ్రోజెన్, అంటే పురుష హార్మోన్, ఇచ్చిన ఆడ ఎలుకలు ఎక్కువకాలం బతికాయి. ఇది ఎలా జరుగుతుందన్నది తర్వాతి కాలంలో కొంత తెలిసింది. గుండెకు పైభాగాన ఉండే థైమస్ గ్రంథిలో టీ కణాలకు ‘ఇది మన ఒంటిదే’ అని సొంత ప్రోటీన్లను చూపించే ఏర్ అనే జన్యువు ఉన్నది. చూపించిన తర్వాత కూడా వాటి మీదికి ఎగబడే కణాలను థైమస్ అక్కడే తొలగిస్తుంది. ఆ జన్యువు పనిని ఆండ్రోజెన్లు పెంచుతాయని 2016లో వెల్లడైంది. ప్రతిరక్షకాలను తయారుచేసే బీ కణాలు బతికి ఉండటానికి బాఫ్ అనే ప్రోటీన్ కావాలి, ఆండ్రోజెన్లలో ముఖ్యమైన టెస్టోస్టిరాన్ తక్కువగా ఉన్నచోట ఆ ప్రోటీన్ ఎక్కువగా ఉంటుందని 2018లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు చూపారు.

ఇంతవరకు చూస్తే మీరు చదివిన వాక్యం సరైనదేననిపిస్తుంది. కాని ‘కాపాడతాయి’ అన్న క్రియ అక్కడ మోయలేని బరువు మోస్తున్నది. పురుషులకూ లూపస్ వస్తుంది, వచ్చినప్పుడు మూత్రపిండాలు దెబ్బతినే ముప్పు వారిలో ఎక్కువ. ‘ఇది ఆడవాళ్ల జబ్బు’ అన్న నమ్మకం వల్ల వారికి పరీక్షలు ఆలస్యమవుతాయి. వెన్నెముక బిగుసుకుపోయే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్‌నైతే వైద్యులు పురుషులలోనే ఎక్కువగా గుర్తిస్తున్నారు. పైగా తేడా అంతా హార్మోన్లదే కాదు. రెండు ఎక్స్ క్రోమోజోములు ఉండటం కూడా ఒక కారణం. ఎక్స్‌ఎక్స్‌వై క్రోమోజోములతో పుట్టే క్లైన్‌ఫెల్టర్ పురుషులకు, మిగతా పురుషులతో పోలిస్తే, లూపస్ ముప్పు సుమారు 14 రెట్లని ఒక అంచనా. వారిలో టెస్టోస్టిరాన్ తక్కువ, ఎక్స్ క్రోమోజోమ్ అదనం కాబట్టి రెండు కారణాలూ ఒకచోటే కలిసి ఉంటాయి. అందువల్ల ‘కాపాడతాయి’ అనకుండా ‘రోగనిరోధక వ్యవస్థ ఉధృతిని కొంత తగ్గిస్తాయి’ అని చెబితే విషయానికి న్యాయం జరుగుతుంది.

సందేహం (నాగర్‌కర్నూల్ నుంచి ఒక సభ్యుడు)

వివరణ బాగుంది సార్. అయితే మా వైపు కంచ అంటే పశువులు మేసే బీడు, చేను చుట్టూ వేసేది కంప. మా పిల్లలకు ఈ సామెత తికమకగా ఉండదా? పురుష హార్మోన్ అన్న మాటకు బదులు అచ్చ తెలుగు మాట ఏదైనా కల్పించుకోరాదా?

జవాబు (నల్లగొండ నుంచి)

మీరన్నది నిజమే, కంచ గచ్చిబౌలి వంటి ఊరిపేర్లలో ఉన్నది ఆ బీడే. పిల్లలకు కంప అనే చెప్పండి, సామెత ఇంకా బాగా అతుకుతుంది. నరికి తెచ్చి నాటిన తుమ్మకంప ఎండి ఉన్నచోటనే ఉంటుంది. చేను చుట్టూ పెరగనిచ్చిన సర్కారు తుమ్మ అలా ఉండదు, రెండేళ్లు కొట్టకుండా వదిలితే కొమ్మలు గట్టు దాటి సాళ్ల మీదికి వస్తాయి, ఆ నీడన పైరు ఎదగదు. ఆ చెట్టుకు చేను మీద పగ ఏమీ లేదు, దాన్ని ఎప్పటికప్పుడు కొట్టి పెట్టే చెయ్యి కరువైందంతే. ఒంట్లో ఆ కొట్టి పెట్టే పనిలో టెస్టోస్టిరాన్ ఒక చెయ్యి వేస్తుంది.

ఇక పేరు సంగతి. వృషణానికి లాటిన్ మాట అయిన టెస్టిస్‌తో మొదలుపెట్టి 1935లో టెస్టోస్టిరాన్ అన్న పేరు కట్టారు, కాబట్టి ‘పురుష’ అన్న విశేషణం మన అనువాదకులు ఊరికే తగిలించింది కాదు. అయినా ఆ హార్మోన్ పురుషుల సొత్తు కాదు. పురుషుల రక్తంలో డెసిలీటరుకు సుమారు 300 నుంచి 1000 నానోగ్రాములు ఉంటే స్త్రీలలో 15 నుంచి 70 వరకు ఉంటుంది. అండాశయాలు, అడ్రినల్ గ్రంథులు దాన్ని తయారుచేస్తాయి, స్త్రీ హార్మోన్ అనుకునే ఈస్ట్రాడయోల్ కూడా టెస్టోస్టిరాన్ నుంచే తయారవుతుంది. మన గోడల మీది ప్రకటనలు ‘మగతనం’ అన్న మాటను ఎలా వాడుతున్నాయో మీకు తెలుసు. ‘మగ హార్మోన్ ఈ జబ్బును ఆపుతుంది’ అని విన్న పదహారేళ్ల కుర్రవాడు సొంతంగా ఇంజెక్షన్లకు దిగితే, బయటి నుంచి వచ్చిన హార్మోన్ అతని వృషణాల సొంత పనిని అణచివేసి వీర్యకణాలు తగ్గిపోతాయి. లూపస్ ఉన్న ఆడపిల్ల విషయానికి వస్తే, డీహెచ్ఈఏ అనే బలహీనమైన ఆండ్రోజెన్‌ను ప్రయోగాత్మకంగా ఇచ్చి చూసినప్పుడు కలిగిన మేలు స్వల్పమే, మొటిమలు మాత్రం చాలామందికి వచ్చాయి. ఆమెకు ఇవాళ వైద్యులు ఇచ్చే ముఖ్యమైన మందు హైడ్రాక్సీక్లోరోక్విన్; దాన్ని మానకుండా వాడుతూ ఏటా కంటి పరీక్ష చేయించుకోవాలి.

కొత్త మాట కల్పించడం నాకు ఇష్టమే కాని, ఇక్కడ అవసరం కనబడదు. ఇన్సులిన్, థైరాయిడ్ అన్న మాటలను అక్షరం రాని ముసలమ్మలు కూడా తడుముకోకుండా పలుకుతున్నారు, టెస్టోస్టిరాన్ కూడా అలాగే నాలుకకు అలవాటవుతుంది. ప్రసంగంలో ఒక్కసారి ‘పురుషులలో ఎక్కువగా, స్త్రీలలో తక్కువగా ఉండే టెస్టోస్టిరాన్’ అని పరిచయం చేసి, ఆ తర్వాత పేరుతోనే పిలవండి.