సార్ లాగిన్‌తో పేపర్ సబ్మిట్ చేయొచ్చా? కరెస్పాండింగ్ ఆథర్‌గా (జర్నల్‌తో ఉత్తరాలు నడిపే రచయితగా) ఎవరుండాలి?

టీఎల్‌సీ_ప్లేట్:
ఆర్గానిక్ సింథసిస్ పేపర్. నలుగురు ఆథర్లం: నేను, జూనియర్, గైడ్ గారు, ఇంకో సార్. రాసింది నేనే, సపోర్టింగ్ ఇన్ఫర్మేషన్ (పేపర్‌కి జతచేసే డేటా ఫైలు) చేసిందీ నేనే. జర్నల్‌ది ఎడిటోరియల్ మేనేజర్ అనే సబ్మిషన్ సైటు. "సార్ లాగిన్, పాస్‌వర్డ్ ఇస్తాం, అందులోంచి నువ్వే పెట్టేయ్, స్టార్ (కరెస్పాండింగ్ ఆథర్ గుర్తు) సార్ పేరు మీద వెయ్యి" అంటున్నారు. ఇది సరైన పద్ధతేనా? కరెస్పాండింగ్‌గా నా పేరు పెట్టమని అడగొచ్చా? నాకున్నది జీమెయిల్ మాత్రమే. మా దగ్గర స్కాలర్లకి యూనివర్సిటీ మెయిల్ ఇవ్వరు.

గుంటూరు_మాస్టారు:
జీమెయిల్‌తో కరెస్పాండింగా? తలుపు తట్టకముందే ఎడిటర్‌కి అనుమానం పుట్టించడం అది. 2015లో బయోమెడ్ సెంట్రల్ 43 పేపర్లు వెనక్కి తీసుకుంది. 2017లో స్ప్రింగర్, ట్యూమర్ బయాలజీ జర్నల్ నుంచి ఒకే దెబ్బకి 107 తీసేసింది. అంతా దొంగ మెయిల్ ఐడీల పుణ్యమే. గైడ్ గారికి యూనివర్సిటీ మెయిల్ ఉంది, పర్మనెంట్ ఉద్యోగం ఉంది, ప్రాజెక్టు ఆయన పేరు మీద ఉంది. స్టార్ ఆయనకి వెయ్యి, ఫస్ట్ ఆథర్‌గా నువ్వుండు. దీనికింత చర్చెందుకు బాబూ.

రెండో_రివ్యూయర్:
మాస్టారూ, ఆ రెండు కేసులకీ ఆథర్ల మెయిల్‌కీ సంబంధం లేదు. సబ్మిషన్‌లో రివ్యూయర్లని సూచించమని అడిగే గడి ఉంటుంది కదా, గొడవంతా అక్కడ జరిగింది. పేరు నిజమైన శాస్త్రవేత్తది, పక్కన రాసిన ఐడీ మాత్రం ఆథర్లో, డబ్బు తీసుకున్న ఏజెన్సీయో సృష్టించింది. రివ్యూ చేయమని వెళ్లిన మెయిల్ తిరిగి వాళ్ల చేతికే వచ్చింది, వాళ్ల పేపర్‌కి వాళ్లే భేష్ అని రాసుకున్నారు. అందులోంచి ఈ అబ్బాయి నేర్చుకోవాల్సింది ఒకటే: సూచించే రివ్యూయర్ల మెయిల్ వాళ్ల డిపార్ట్‌మెంట్ పేజీ నుంచో, ఇటీవలి పేపర్ నుంచో తీసుకుని రాయాలి.

కరెస్పాండింగ్ అంటే స్టార్ గుర్తు ఒక్కటే కాదు. ఎడిటర్ ఉత్తరం, రివిజన్ లింకు, కాపీరైట్ ఒప్పందం, యాక్సెప్ట్ అయ్యాక ప్రూఫ్ (అచ్చుకి ముందు సరిచూసే ప్రతి), అన్నీ ఆ అకౌంట్‌కే వస్తాయి. ప్రూఫ్‌కి మామూలుగా ఇచ్చేది రెండు రోజులే. అచ్చయిన మూడేళ్లకి ఎవరో "మీ మూడో కాంపౌండ్ ప్రోటాన్ ఎన్ఎంఆర్ (అణువు నిర్మాణం చూపే పరీక్ష) నాకు అలా రాలేదు" అని రాస్తే జవాబు చెప్పాల్సిందీ ఆ మనిషే. పాస్‌వర్డ్ సంగతి ఇంకా పెద్దది. "ఆథర్లందరూ ఈ రాతప్రతిని చదివి ఒప్పుకున్నారు", "ఇది వేరే జర్నల్ పరిశీలనలో లేదు" అనే గడుల్లో టిక్ పెట్టేది లాగిన్ అయిన మనిషి. సార్ పేరుతో నువ్వు టిక్ పెడితే ఆ మాట ఇచ్చింది ఎవరు?

పాల్వంచ_పోరడు:
సేమ్ డౌట్. ఫాలోయింగ్.

గుంటూరు_మాస్టారు:
కేసు వివరం ఏదైనా, సంస్థ డొమైన్ లేని మెయిల్ అంటే జర్నల్ ఆఫీసు రెండోసారి చూస్తుంది. ఆ మాట మీరు కాదనలేదు. ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదివే ప్రచురణ) ఒప్పందాల్లో రుసుము మాఫీ అవుతుందో లేదో తేల్చేది కూడా కరెస్పాండింగ్ ఆథర్ అఫిలియేషన్, మెయిల్ డొమైన్ చూసే. జీమెయిల్ పెడితే సిస్టమ్ గుర్తుపట్టదు.

రెండో_రివ్యూయర్:
చూస్తే చూడనివ్వండి. యూనివర్సిటీ మెయిల్ ఇచ్చే చోట కూడా, స్కాలర్ వెళ్లిపోయాక దాన్ని మూసేస్తే, పేపర్ మీద అచ్చయిన ఐడీ చచ్చిన ఐడీ అవుతుంది. దీనికి దారి ఉంది. ఆర్కిడ్ (పరిశోధకుల గుర్తింపు నంబర్) ఖాతా తెరిచి, ఆ 16 అంకెల నంబర్ కింద ఉన్న మెయిళ్లన్నీ కలుపుకోవాలి. సంస్థ మారినా నంబర్ మారదు. చాలా జర్నల్స్ కరెస్పాండింగ్ ఆథర్‌కి ఆర్కిడ్ తప్పనిసరి చేశాయి కూడా.

వరంగల్_కెమ్:
మెయిల్ ముచ్చట ఇడిచిపెట్టుండ్రి జర. తమ్మీ, లాగిన్ ఎవరిదన్నా గానీ ఎడిటోరియల్ మేనేజర్ల ఒక్కటి యాదుంచుకో. ఫైళ్లన్నీ ఎక్కిచ్చి బిల్డ్ పీడీఎఫ్ కొట్టంగనే పని అయిపోలే. సైట్ పీడీఎఫ్ తయారుజేసి "ఆథర్ అప్రూవల్ కోసం ఎదురుచూస్తున్నవి" అన్న ఫోల్డర్ల పెడ్తది. దాన్ని తెరిచి చూసి అప్రూవ్ సబ్మిషన్ నొక్కితెనే ఎడిటర్ ఆఫీసుకు పోతది. నొక్కకుంటె అండ్లనే పడి ఉంటది. మనమేమో అండర్ రివ్యూ అనుకుంట కూసుంటం.

తెరిచినప్పుడు మూడు సూడు. బీటా, డెల్టా అక్షరాలు డబ్బాలైనయా? సింబల్ ఫాంట్ల కొట్టినవి గట్ల అయితయి, యూనికోడ్ అక్షరం పెట్టు. కెమ్‌డ్రా (అణువుల బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్) స్కీములు మసకైనయా? వర్డ్‌ల అతికిచ్చిన బొమ్మ కాకుండ, సింగిల్ కాలమ్ 90 మిల్లీమీటర్ల వెడల్పుకు గీసి, లైన్ బొమ్మ అయితె 1000 డీపీఐ టిఫ్ జేసి విడిగ ఎక్కియ్యి. మూడోది, సైట్ల ఎక్కిచ్చిన ఆథర్ల వరుస, టైటిల్ పేజీ మీది వరుస ఒక్కతీరుగ ఉన్నయా? ఇవి కలవకుంటె టెక్నికల్ చెక్ కాడనే వాపస్ వస్తది, ఎడిటర్ దాక గూడ పోదు.

టీఎల్‌సీ_ప్లేట్:
థాంక్స్ అన్నా. సైట్ హైలైట్స్ (పేపర్ ముఖ్యాంశాలు) కూడా అడుగుతోంది. ఒక్కో వాక్యం పొడుగైపోతోంది.

వరంగల్_కెమ్:
3 నుంచి 5 పాయింట్లు, ఒక్కోటి ఖాళీలతో కలిపి 85 అక్షరాలు దాటొద్దు. "నవల్ అండ్ ఎఫిషియెంట్" తీసెయ్యి, సగం జాగ అదే తింటది. ఉత్ప్రేరకం మోల్ శాతం, దిగుబడి రేంజి, ఎన్ని ఉదాహరణలు, గివి రాయి.

ఏపీఐ_లెక్క:
అసలు విషయం అందరూ దాటేస్తున్నారు. స్టార్ అంటే అధ్యాపకుల ప్రమోషన్ పాయింట్లు. యూజీసీ 2018 నిబంధనల్లో సైన్సు పేపర్‌కి మూల పాయింట్లు 8, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కలిపేవి పక్కన పెడదాం. ఇద్దరే ఆథర్లయితే చెరొకరికి 70 శాతం. ఇద్దరికి మించితే ఫస్ట్ లేదా ప్రిన్సిపల్ లేదా కరెస్పాండింగ్ ఆథర్‌కి 70, మిగతావాళ్లలో ఒక్కొక్కరికి 30. అంటే 5.6 ఎక్కడ, 2.4 ఎక్కడ. అందుకే ఇంత పట్టుదల.

గుంటూరు_మాస్టారు:
ఇదిగో, ఇలాంటి మాటలకే ఒళ్లు మండేది. గైడ్ అంటే పాయింట్ల కోసం కాచుకు కూర్చున్నవాడేనా? స్కాలర్‌కి స్టార్ వల్ల వచ్చేదేమిటో లెక్క చెప్పండి ముందు. అదే నిబంధనల్లో యూనివర్సిటీ అసిస్టెంట్ ప్రొఫెసర్ షార్ట్‌లిస్టుకి పేపర్‌కి 2 మార్కులు, మొత్తం 10కి మించవు. ఫస్టా, కరెస్పాండింగా అనే తేడాయే అక్కడ లేదు. గైడ్‌కైతే ప్రమోషన్‌లో తేడా పడుతుంది. నీకు పైసా లాభం లేని చోట పంతం ఎందుకు? స్కాలర్లు థీసిస్ ఇచ్చి వెళ్లిపోతారు. ఎన్ఎంఆర్ ముడి ఫైళ్లు ఏ పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయో ఎవరికీ తెలీదు. జర్నల్ నుంచి ప్రశ్న వస్తే ఫోన్ ఎత్తరు. నిలబడాల్సింది మేమే. ఎన్నిసార్లు నిలబడ్డామో మాకు తెలుసు.

రెండో_రివ్యూయర్:
నిలబడేవాళ్లకి స్టార్ ఇవ్వొద్దని ఎవరన్నారు? గైడ్ కరెస్పాండింగ్‌గా ఉండడం మీద నాకు అభ్యంతరమే లేదు. చదవని మనిషి ఉండడం మీదే అభ్యంతరం. ముడి ఫైళ్లు పోయాయంటే అది లాబ్ నడిపేవాళ్ల లోపం కూడా. సబ్మిట్ చేసేలోపే ప్రతి కాంపౌండ్‌కీ ఒక ఫోల్డర్ పెట్టి, అందులో ప్రోటాన్, కార్బన్ ఎఫ్ఐడీ (ఎన్ఎంఆర్ ముడి డేటా) ఫోల్డర్లు, హెచ్ఆర్ఎంఎస్ (అణుభారాన్ని కచ్చితంగా కొలిచే పరీక్ష) రిపోర్టు, లాబ్ నోట్‌బుక్ పేజీ నంబరు ఉంచి ఇద్దరి దగ్గరా కాపీ ఉంటే చాలు. హెచ్ఆర్ఎంఎస్‌లో లెక్కకీ కొలతకీ తేడా 5 పీపీఎం దాటిందని రివ్యూయర్ పట్టుకుంటే, ఆ శాంపిల్ ఎక్కడుందో తెలిసిన మనిషి జవాబు రాయాలి. అది ఎవరు?

గుంటూరు_మాస్టారు:
గైడ్ చదవలేదని మీకెవరు చెప్పారు? పిల్లవాడు అలా అనలేదే. మీ పాత లెక్కలు మా గైడ్ల మీద తీర్చుకోకండి.

పాల్వంచ_పోరడు:
వేడెక్కింది.

టీఎల్‌సీ_ప్లేట్:
సార్, ఒక్క మాట. నేను సరిగ్గా చెప్పలేదేమో. లాగిన్ గైడ్ గారిది కాదు. గైడ్ గారు మూడుసార్లు దిద్దారు, ప్రతి లైనూ చదివారు. లాగిన్, స్టార్ రెండూ నాలుగో సార్‌వి. ఆయన హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్). ఎన్ఎంఆర్ ఫెసిలిటీ ఆయన కింద ఉంది. పేపర్ ఇంకా చూడలేదు. గైడ్ గారు కూడా "పోనీలే, పెట్టేయ్" అన్నారు.

వరంగల్_కెమ్:
గిది ముందుగాల జెప్పాలె గదా తమ్మీ!

రెండో_రివ్యూయర్:
అయితే ఇంతసేపూ మనం మాట్లాడింది వేరే పేపర్ గురించి. అమెరికన్ కెమికల్ సొసైటీ ఎథిక్స్ మార్గదర్శకాలు దీన్ని సూటిగానే చెబుతాయి: పాలనాపరమైన సంబంధం ఒక్కదాని వల్లే ఎవరూ సహరచయిత కారు, పెద్ద సాయమైతే కృతజ్ఞతల్లో చెప్పొచ్చు. వైద్య జర్నల్స్ అనుసరించే ఐసీఎంజేఈ షరతులు నాలుగు: పనిలో గణనీయమైన పాలు, రాతలోనో దిద్దుబాటులోనో పాలు, తుది ప్రతికి ఆమోదం, జవాబుదారీ. నాలుగూ ఉండాలి, ఏదో ఒకటి చాలదు. ఈయనకి స్టార్ మాట అటుంచండి, పేరుకే ఆధారం లేదు.

గుంటూరు_మాస్టారు:
హెచ్‌ఓడీకి స్టార్ అంటే నేనూ ఒప్పుకోను. అది గైడ్‌కే ఉండాలి, మొదటి నుంచీ నేను చెప్తున్నదీ అదే. పేరు తీసేయమనడం మాత్రం వేరు. చాలా జర్నల్స్ ఇప్పుడు అడిగే క్రెడిట్ (ఎవరేం చేశారో చెప్పే) జాబితాలో 14 పాత్రలున్నాయి. అందులో రిసోర్సెస్ అని ఒకటి ఉంది, పరికరాలు సమకూర్చడం దాని కిందికే వస్తుంది. పాత్ర ఉందని వాళ్లే ఒప్పుకున్నాక మీరెవరు కాదనడానికి?

రెండో_రివ్యూయర్:
ఆథర్ అని తేలినవాళ్లు ఏం చేశారో చెప్పడానికి ఆ జాబితా. ఎవరు ఆథరో తేల్చడానికి కాదు. రిసోర్సెస్ ఒక్కటే రాసి పంపితే, పరికరం వాడుకోనిచ్చారు తప్ప ఇంకేమీ చేయలేదని మన చేత్తో మనమే రాసిచ్చినట్టు.

ఏపీఐ_లెక్క:
ఇక్కడే నా లెక్క చూడండి. 70 ఒకరికి, 30 చొప్పున మిగతా ప్రతి ఒక్కరికీ. మొత్తం 100 దాటకూడదనే షరతు ఎక్కడా లేదు. నాలుగో పేరు కలిపితే మొదటి ముగ్గురికీ ఒక్క పాయింటూ తగ్గదు. ఉచితంగా దొరికేదాన్ని ఎవరు కాదంటారు? మొత్తం 100ని పంచుకోవాలని రాసుంటే ఈ నాలుగో పేర్లలో సగం తెల్లారేసరికి మాయమయ్యేవి.

గుంటూరు_మాస్టారు:
లెక్క సరే. పేరు తీసేస్తే ఆ పిల్లవాడి తర్వాతి శాంపిళ్లు వరుసలో ఎక్కడికి పోతాయో ఆ లెక్క కూడా చెయ్యండి. కార్బన్ స్పెక్ట్రమ్‌కి నెల ఆగాల్సి వస్తే రివిజన్ గడువు దాటిపోతుంది. మీరు నియమం చెప్పి నిద్రపోతారు. థీసిస్ ముగించాల్సింది అతను.

రెండో_రివ్యూయర్:
ఇందాకటి నుంచీ మీరు అనాలనుకున్నది ఇదన్నమాట. భయపడి పెట్టాలి అంటున్నారు. సరే, భయం నిజమే. మరి దాన్ని మెయిల్ డొమైన్ అనీ, క్రెడిట్ జాబితా అనీ ఎందుకు తిప్పి చెప్పడం?

గుంటూరు_మాస్టారు:
భయం అనను. డిపార్ట్‌మెంట్‌లో బతకడం అంటాను.

వరంగల్_కెమ్:
మీరిద్దరు తెల్లారేదాక కొట్లాడుకోండ్రి. తమ్మీ, ఏది చేసినా సబ్మిషన్‌కు ముందే తేల్చుకో. ఒక్కసారి పోయినంక పేరు తియ్యాలన్నా, కలపాలన్నా కారణం రాసి అందరు ఆథర్ల ఒప్పుదల పంపాలె, తీసేస్తున్న మనిషిది గూడ. యాక్సెప్ట్ అయినంక అయితే ఇంకా కష్టం, తేలేదాక అచ్చు ఆపుతరు.

నేనైతే గిట్ల చేస్త. గైడ్ సార్ అకౌంట్ల నుంచి, ఆయన పక్కన కూసోంగ సబ్మిట్ చెయ్యి. టిక్కులు ఆయన్నే కొట్టమను. స్టార్ ఆయనకు. జర్నల్ ఒప్పుకుంటె టైటిల్ పేజీల నీకు గూడ రెండో స్టార్ పెట్టమని అడుగు, సైట్ల మాత్రం చాలావరకు ఒక్కరినే తీసుకుంటది. హెచ్‌ఓడీకి మొత్తం పీడీఎఫ్, సపోర్టింగ్ ఇన్ఫర్మేషన్ మెయిల్ జేసి "చదివి మీ దిద్దుబాట్లు పది రోజుల్ల చెప్పుండ్రి, క్రెడిట్ స్టేట్‌మెంట్‌ల మీరు ఏం చేసిండ్రని రాయాల్నో మీరే ఒక వాక్యం పంపుండ్రి" అని అడుగు. మర్యాదగ రాయి, గైడ్ సార్‌కు కాపీ పెట్టు.

రెండో_రివ్యూయర్:
ఆ వాక్యం రాకపోతే పేరు ఎక్కడుండాలో గైడ్ గారే చెప్పాలి, స్కాలర్ కాదు. రెండో ఏడాది పిల్లాడి చేత ఆ మాట అనిపించకండి.

గుంటూరు_మాస్టారు:
గైడ్ చెప్పాలన్నది సబబే. చదివి పది లైన్లు దిద్ది పంపితే మాత్రం పేరు ఉండాలి, అప్పుడు మళ్లీ షరతుల చిట్టా తీయొద్దు.

రెండో_రివ్యూయర్:
మొదటి షరతు అప్పటికీ మిగిలే ఉంటుంది మాస్టారూ.

టీఎల్‌సీ_ప్లేట్:
మెయిల్ పంపాను, గైడ్ గారికి కాపీ పెట్టాను. సబ్మిట్ చేద్దామని గైడ్ గారి అకౌంట్ తెరిస్తే ఆర్కిడ్ లింక్ చేయమంటోంది. ఎప్పుడో పాత మెయిల్‌తో ఒకటి తెరిచారట, పాస్‌వర్డ్ గుర్తులేదు. కొత్తది తెరిచేయొచ్చా?

వరంగల్_కెమ్:
తెరవకు. రెండు నంబర్లయితె పేపర్లు అటూ ఇటూ చీలిపోతయి. పాత మెయిల్ తెరుచుకుంటె రీసెట్ లింకు దానికే వస్తది. తెరుచుకోకుంటె ఆర్కిడ్ సపోర్టుకు ఆయన్నే రాయమను.