నాయకుల నోటికి లేని అడ్డు కార్టూన్‌కు ఎందుకు?

అడ్డగీత:
ఎన్నికల సభల్లో నాయకులు నోటికొచ్చినట్టు తిట్టుకుంటారు, గొడవైతే సాయంత్రానికి "నా మాటలు వక్రీకరించారు" అనేస్తే సరిపోతుంది. అదే ఎవరైనా వాళ్ల మీద బొమ్మ గీస్తే పోలీసులు ఇంటికొస్తారు. వాళ్ల మాటలకు చట్టంలో వేరే హద్దు ఉందా, అందరికీ ఒకటేనా? పార్టీ గొడవలు వద్దు ప్లీజ్.

కోర్టుమెట్లు:
కాగితం మీద ఒకటే. ఎవరి మాట మీదైనా ఆంక్ష పెట్టాలంటే రాజ్యాంగం 19(2)లో రాసిన కారణాలే (దేశ భద్రత, శాంతిభద్రతలు, పరువునష్టం లాంటివి) ఉండాలి. మంత్రులకు అంతకుమించి హద్దులు పెట్టలేమని 2023 జనవరిలో కౌశల్ కిషోర్ కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం తేల్చేసింది. మంత్రి అన్నమాటను ప్రభుత్వానికి అంటగట్టకూడదని కూడా మెజారిటీ తీర్పు. జస్టిస్ నాగరత్న మాత్రం, మంత్రి హోదాలో మాట్లాడిన మాట ప్రభుత్వ వైఖరే అయితే దాన్ని ప్రభుత్వానికి ఆపాదించవచ్చని విడిగా రాశారు. నాకు ఆవిడ చెప్పిందే సబబనిపిస్తుంది, కాన్వాయ్‌లో వచ్చి మైకు పట్టుకున్నాక "అది నా వ్యక్తిగత అభిప్రాయం" అంటే ఎవరు నమ్ముతారు!
ఇక చట్టసభ లోపలైతే సభ్యుల మాటలకు రక్షణగా రాజ్యాంగం 105 (పార్లమెంటుకు), 194 (అసెంబ్లీలకు) అధికరణలు ఉన్నాయి. అక్కడ ఏమన్నా కోర్టులో కేసు పెట్టలేరు, స్పీకర్ రికార్డుల నుంచి తీసేయిస్తారు, మహా అయితే సభే ఆ సభ్యుడి మీద చర్య తీసుకుంటుంది.

గీతలపిచ్చి:
సభ మాట వచ్చింది కాబట్టి 1987 నాటి ఆనంద వికటన్ సంగతి చెప్పాలి. ఆ తమిళ పత్రిక అట్ట మీద ఒక జోకు బొమ్మ వేశారు. వేదిక మీదున్న ఇద్దరిలో ఎమ్మెల్యే ఎవరు, మంత్రి ఎవరు అని ఒకడు అడిగితే, జేబుదొంగలా ఉన్నాయన ఎమ్మెల్యే, ముసుగుదొంగలా ఉన్నాయన మంత్రి అని రెండోవాడి జవాబు. బొమ్మలో ఎవరి పేరూ లేదు, అయినా భుజాలు తడుముకున్నారు! సభా హక్కులకు భంగం కలిగిందంటూ తమిళనాడు అసెంబ్లీ, పత్రిక సంపాదకుడు బాలసుబ్రమణియన్‌కు మూడు నెలల జైలు వేసింది. నలుమూలల నుంచి నిరసన రావడంతో కొద్ది రోజులకే వదిలేశారు. తర్వాత హైకోర్టు ఆయనకు వెయ్యి రూపాయల పరిహారం ఇప్పించింది.

అడ్డగీత:
అంటే చివరికి కార్టూనిస్టే గెలుస్తాడన్నమాట?

కోర్టుమెట్లు:
గెలుస్తాడు, ఎప్పటికి అన్నదే అసలు సమస్య. జాదవ్‌పూర్ యూనివర్సిటీ ప్రొఫెసర్ అంబికేశ్ మహాపాత్ర బొమ్మ గీయలేదు, మమతా బెనర్జీ మీద వచ్చిన ఒక కార్టూన్‌ను ఈమెయిల్‌లో ఫార్వర్డ్ చేశారంతే. 2012 ఏప్రిల్‌లో అరెస్టు. ఆయన మీద పెట్టిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను (ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపడం నేరమనేది) సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది, ఆయనకు మాత్రం 2023 జనవరిలో గానీ కేసు వదల్లేదు. పదేళ్లకు పైగా వాయిదాలు తిరగడం కంటే వేరే శిక్ష కావాలా?

మధ్యేమార్గం:
అన్ని బొమ్మలనూ ఒకే గాటన కట్టకండి. కులాన్నో శరీరాన్నో ఎగతాళి చేసేది నా దృష్టిలో రాజకీయ కార్టూన్ కాదు. అలాగని దానికి అరెస్టు చేయమనను, సంపాదకుడు ఆపితే చాలు. నాయకుడి మాట అలా కాదు, అది విని వందమంది కర్రలు పట్టుకుని బయల్దేరే ప్రమాదం ఉంది.

గీతలపిచ్చి:
ఒప్పుకుంటా. ఎన్నికలప్పుడైతే కాస్త అడ్డు ఉంది. 2019లో ఎన్నికల సంఘం ప్రచారం చేయకుండా యోగి ఆదిత్యనాథ్‌ను 72 గంటలు, మాయావతిని 48 గంటలు ఆపింది. ఎన్నికల కోడ్ అమల్లో ఉండగా ఎవరైనా రెచ్చగొట్టేలా మాట్లాడితే వీడియో తీసి ఎన్నికల సంఘం వారి ఫిర్యాదుల యాప్ సీ-విజిల్‌లో పెట్టండి, కోడ్ ఎత్తేశాక అది పనికిరాదు.