రోహిణి ఎండల్లో ముడుచుకుపోయిన లెదర్ కోరల్: ఏం చెయ్యాలి?

రీఫ్‌కొత్తోడు (కూకట్‌పల్లి):
అన్నలూ, జర చూడండి. సంప్‌తో (ఫిల్టర్ ఉండే కింది తొట్టి) కలిపి 150 లీటర్ల రీఫ్ ట్యాంక్, అంటే కోరల్స్ (పగడాలు) పెంచే ఉప్పునీళ్ల అక్వేరియం. టోడ్‌స్టూల్ లెదర్ (పుట్టగొడుగులా ఉండే మెత్తటి కోరల్) వారం నుంచి తెరుచుకోవట్లేదు. పాలిప్ (పువ్వులా విచ్చుకునే చిన్న జీవి) ఒక్కటి కూడా బయటికి రాలేదు, తలంతా మైనం పూసినట్టు మెరుస్తోంది. పక్కనున్న జొవాంథిడ్స్ (గుత్తులుగా పెరిగే బొత్తాల్లాంటి కోరల్ జాతి జీవులు) కూడా సగం మూసుకునే ఉంటున్నాయి. క్లౌన్ చేపల జంట మాత్రం ఎప్పటిలాగే తింటోంది. నీళ్లు 30 డిగ్రీలు దాటుతున్నాయని సంప్ మీద రెండు చిన్న ఫ్యాన్లు పెట్టాను, ఇప్పుడు 26, 27 మధ్య ఉంది. ఉప్పు (నీళ్ల సాంద్రత లెక్కలో) 1.025. అమ్మోనియా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 5. చిల్లర్ (నీళ్లు చల్లబరిచే మెషీన్) ఇప్పట్లో కొనలేను. షాపులో అయొడిన్ వెయ్యమంటున్నారు, ఇంకొకరేమో లైటు పెంచమన్నారు. ఏది చెయ్యాలి?

ఉప్పునీళ్లు (మలక్‌పేట):
రెండూ వద్దు. నీరసంగా ఉన్న కోరల్ మీద లైటు పెంచితే ఇంకా దెబ్బతింటుంది. అయొడిన్ ఎంత ఉందో కొలవకుండా వెయ్యడం గుడ్డి వైద్యం.

లెదర్‌కి అప్పుడప్పుడూ పైపొర విడిచే అలవాటుంది. ఆ మెరుపు అదే. కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు వారాలు కూడా అలా ఉంటుంది. వేవ్‌మేకర్ (నీళ్లని కదిలించే పంపు) ప్రవాహం దాని మీదుగా కాస్త పోయేలా తిప్పండి, పొర అదే ఊడిపోతుంది. చేత్తో పీకొద్దు. లెదర్ ఒక్కటే అయితే ఇక్కడితో ఆపేసేవాణ్ణి. జొవాంథిడ్స్ కూడా అలిగాయంటున్నారే, అది మింగుడు పడట్లేదు. ఉప్పు దేనితో చూస్తున్నారు? నీళ్లు రోజుకెంత తగ్గుతున్నాయి? తగ్గినప్పుడు ఏం పోస్తున్నారు?

రీఫ్‌కొత్తోడు:
ముల్లు తేలే ప్లాస్టిక్ హైడ్రోమీటర్ అన్నా. రోజుకు 4 లీటర్ల దాకా తగ్గుతోంది. ఆఫీసు హడావిడిలో రోజూ కుదరదు, రెండు మూడు రోజులకోసారి వంటింటి ఆర్వో నీళ్లు బకెట్‌తో పోస్తున్నా.

ఉప్పునీళ్లు:
దొరికింది. ఫ్యాన్ వేడిని దించింది, ఉప్పుని ఎక్కించింది. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పంతా ట్యాంకులోనే మిగులుతుంది. 150 లీటర్లలో 35 పీపీటీ (వెయ్యి పాళ్లకి 35 పాళ్ల ఉప్పు) ఉందనుకోండి, 4 లీటర్లు పోతే మర్నాటికి 36. మూడో రోజుకి 38. అప్పుడు మీరు బకెట్ కుమ్మరిస్తే గంటలో మళ్లీ 35. చేప తన ఒంట్లో ఉప్పుని సర్దుకోగలదు. కోరల్‌కి ఆ ఏర్పాటు లేదు, బయట నీళ్లెలా ఉంటే లోపలా అలాగే అవుతుంది. అందుకే క్లౌన్లు హాయిగా ఉన్నాయి, ఇవి మూసుకున్నాయి.

ఆ ముల్లుని కూడా నమ్మకండి. దానికి ఉప్పు పేరుకుంటే బరువెక్కి తక్కువ చూపిస్తుంది, గాలి బుడగ అంటుకుంటే ఎక్కువ చూపిస్తుంది. కొత్త ఉప్పునీళ్లు కూడా దాంతోనే కలుపుతున్నారు కదా, మరి ప్రతిసారీ అదే తేడా. రిఫ్రాక్టోమీటర్ (కాంతి వంగడాన్ని బట్టి ఉప్పు చూపించే పరికరం) తెచ్చుకుని 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకోండి. మామూలు నీళ్లతో సున్నాకి పెట్టేసి వదిలేస్తే 35 దగ్గర తేడా రావచ్చు.

బాల్కనీరీఫ్ (తార్నాక):
వంటింటి ఆర్వో మాట ఎవరూ పట్టించుకోలేదేంటి? రుచి కోసం ఖనిజాలు మళ్లీ కలిపే మెషీన్లే ఎక్కువ. ఆ మిగులు రోజూ ట్యాంకులో పేరుకుంటుంది. ఆర్వో తర్వాత డీఐ రెజిన్ (మిగిలిన లవణాలని కూడా పట్టేసే ఫిల్టర్) పెట్టి, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) సున్నా వచ్చాకే పొయ్యండి. బోరు నీళ్ల సంగతి సరేసరి.

ఇంకోటి, ఇప్పుడు గాలి పొడిగా ఉంది కాబట్టి ఫ్యాన్లతో నడుస్తోంది. మృగశిర దాటి వానలు పడ్డాక తేమ వల్ల అంత చల్లబరచవు, కానీ అప్పటికి ఎండ కూడా తగ్గుతుంది లెండి.

రీఫ్‌కొత్తోడు:
రిఫ్రాక్టోమీటర్ తెచ్చా. 39! ఎలా దించాలి? జొవాంథిడ్స్ రాయి మీద పాచి కూడా ఉంది, తీసి వేడినీళ్లతో రుద్దనా?

బాల్కనీరీఫ్:
వేడినీళ్ల పని అసలే వద్దు! జొవాంథిడ్స్‌లో, ముఖ్యంగా వాటిలోనే పాలిథోవా అనే రకంలో, పాలిటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. మరిగిస్తే, వేడినీళ్లు పోస్తే ఆవిరితో లోపలికి పోయి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి. ముట్టుకోవాల్సొస్తే గ్లవ్స్, కళ్లజోడు పెట్టుకోండి. చేతికి కోత ఉంటే ఆ రోజు వదిలెయ్యండి.

ఉప్పునీళ్లు:
రోజుకు 1 పీపీటీకి మించి దించొద్దు. 4 లీటర్ల ట్యాంకు నీళ్లు తీసి, 4 లీటర్ల డీఐ నీళ్లు సంప్‌లో సన్నటి ధారగా పొయ్యండి, 38 అవుతుంది. ఆ రోజు ఆవిరైనది విడిగా భర్తీ చెయ్యాలి. మర్నాడు కొలిచి మళ్లీ అంతే. నాలుగు రోజుల్లో 35. ఈలోగా ఇంకేదీ మార్చకండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలీదు. యాక్టివేటెడ్ కార్బన్ ఒక్కటి కొత్తది పెట్టండి. లెదర్ వదిలే రసాయనాలు పక్క కోరల్స్‌ని ఇబ్బంది పెడతాయి.

రీఫ్‌కొత్తోడు:
35కి వచ్చింది అన్నా. జొవాంథిడ్స్ పూర్తిగా విచ్చుకున్నాయి. లెదర్ పొర ఒక పక్క నుంచి చిరిగి వేలాడుతోంది, దాని కింద అంచున చిన్న పాలిప్స్ కనిపిస్తున్నాయి. ఆటో టాప్‌అప్ (ఆవిరైన నీళ్లని డబ్బాలోంచి తనే పోసే పరికరం) కొన్నాను. బలానికి మేత వెయ్యనా? కొత్తగా ఆక్రోపోరా ముక్క ఒకటి కూడా ఇస్తామంటున్నారు.

ఉప్పునీళ్లు:
మేత ఇప్పుడేం అక్కర్లేదు. దాని ఒంట్లోని నాచుకి లైటు అందుతోంది, అది చాలు. ఆక్రోపోరా జోలికి పోవద్దు. అది గట్టి అస్థిపంజరం కట్టే కోరల్; అలాంటి వాటిని 2001లోనే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో, అంటే రక్షిత జీవుల జాబితాలో, చేర్చారు. టాప్‌అప్ డబ్బా మాత్రం 10 లీటర్లకు మించనివ్వకండి. ఫ్లోట్ స్విచ్ (నీటిమట్టాన్ని బట్టి పంపు ఆపే తేలే స్విచ్) ఇరుక్కుంటే డబ్బాలో నీళ్లన్నీ ఒకేసారి ట్యాంకులోకి పోతాయి. నత్తలు పాకి దాన్ని పట్టేస్తాయి కూడా, వారానికోసారి తుడవండి.