చావుపుట్టుకలు రాసేది కరణమా, మునసబా?

పాతరోజుల్లో పల్లెల్లో పుట్టిన తేదీ ఎక్కడ రాసి ఉంచేవారన్న మాట వస్తే, ఇద్దరు ముగ్గురు "కరణంగారి పుస్తకంలో" అన్నారు. మా ఇంట్లోనూ పెద్దవాళ్లు అలాగే అనేవారు గానీ, చట్టం ఆ పని అప్పజెప్పింది మునసబుకండీ, అంటే గ్రామపెద్దకి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1899లో వచ్చిన జనన మరణాల నమోదు చట్టం కింద పల్లెల్లో రిజిస్ట్రారు ఆయనే. కరణం చూసేది భూమి లెక్క, అడంగలు, చిట్టా వగైరా భూమి దస్తరాలు. ఊళ్లో రాతకోతలన్నీ కరణం చేతిలో ఉండేవి కాబట్టి ఈ పుస్తకాన్ని కూడా జనం ఆయన ఖాతాలోనే వేసేసి ఉంటారు.

మునసబు అనే పేరు కూడా ఈ పనికి పెట్టింది కాదు. న్యాయం చెప్పేవాడు అనే అర్థంలో అరబ్బీ మున్సిఫ్ నుంచి వచ్చింది. 1816లో కంపెనీవాళ్లు గ్రామపెద్దకు 10 రూపాయల లోపు దావాలు తీర్చే అధికారం ఇచ్చినప్పటి మాట. నిజాం ఇలాకాలోనూ పని ఇలాగే రెండుగా ఉండేది, చావుపుట్టుకలు పోలీసు పటేలుకి, భూమి పట్వారీకి.

పాత రిజిస్టరు నకలు తీయించి చూడండి, చాలా వాటిలో బిడ్డ పేరే ఉండదు. మగ లేదా ఆడ, తండ్రి పేరు, అంతే. బారసాల కాకముందే కబురు అందితే పేరెక్కడిది మరి! చావుల దగ్గర కారణం గడిలో కలరా, మశూచి, లేదంటే "జ్వరం". డాక్టరు లేని ఊళ్లో ఇంటివాళ్లో, ఊరి కావలి తలారో చెప్పిందే మునసబు రాసుకునేవాడు, అందుకే ఆ ఒక్క మాట కింద మలేరియా, టైఫాయిడ్, ఇంకా ఏమేం కలిసిపోయాయో. వంశవృక్షాలు రాసేవాళ్లు దాన్ని పట్టుకుని రోగం పేరు తేల్చేయకండి, దయచేసి.

1970 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 1969 జనన మరణాల నమోదు చట్టం, చావుపుట్టుకల కబురు చెప్పాల్సింది ఎవరో కూడా విడివిడిగా చెప్పింది: ఇంట్లో అయితే ఇంటిపెద్ద, ఆసుపత్రిలో వైద్యాధికారి, జైల్లో జైలరు, సత్రంలో దాన్ని చూసుకునే మనిషి. పల్లెలో ఎవరో వదిలేసిన పసికందో, దిక్కులేని శవమో కనిపిస్తే ఆ బాధ్యత గ్రామపెద్దది.

1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు, కరణం, పటేల్, పట్వారీ పదవులన్నీ తీసేసింది. ఇప్పుడు పల్లెల్లో ఈ పని పంచాయతీ కార్యదర్శి చూస్తున్నారు.

రాయలసీమవాళ్లు ఒకమాట చెప్పండి. మీ వైపు గ్రామపెద్దను రెడ్డి అనేవారు కదా, మరి పుట్టిన తేదీ రాయించడానికి "రెడ్డి దగ్గరికి" అనేవారా, "కరణం దగ్గరికి" అనేవారా?