స్ట్రాహోవ్ లైబ్రరీలో జనాన్ని గుమ్మం దగ్గరే ఆపేయడం సరైనదేనా?

తాళపత్రం:
చెక్ దేశంలోని ప్రాగ్‌లో స్ట్రాహోవ్ మఠం లైబ్రరీ చూసొచ్చిన చాలామంది ఒకటే మాట అంటున్నారు, మామూలు టికెట్ కొన్నాక కూడా హాల్లోకి పోనివ్వరు, గుమ్మంలో నిలబడి చూసి వెళ్లిపోవాలి, ఇదేం పద్ధతని. నేను పోయినేడాది వెళ్లాను. వాళ్లు చేస్తున్నదే కరెక్ట్ అంటాను. ఫిలసాఫికల్ హాలు 14 మీటర్ల ఎత్తు, పైదాకా వాల్‌నట్ చెక్క బీరువాలే. చక్రవర్తి రెండో జోసెఫ్ మఠాలు మూసేయించిన రోజుల్లో అదే దేశంలోని మొరావియా ప్రాంతపు లౌకా మఠం నుంచి వచ్చాయవి, వాటి ఎత్తుకు సరిపోయేలా హాలునే కట్టుకున్నారు. పైకప్పు బొమ్మ 1794లో చిత్రకారుడు మౌల్బెర్ట్ష్ వేశాడు, 70 ఏళ్ల వయసులో, ఆరు నెలల్లో. మన ఊపిరికి, తడిసిన కోట్లకు గాలిలో తేమ మారుతూ ఉంటే చెక్క ఉబ్బుతుంది, మళ్లీ కుంచించుకుపోతుంది, రంగు పెచ్చులూడుతుంది. అందుకే ఆపారు.

కిటికీసీటు:
తేమ సంగతి ఒప్పుకుంటానండీ, కానీ అదొక్కటే దారా? స్విట్జర్లాండ్‌లో సెయింట్ గాలెన్ మఠం లైబ్రరీ కూడా 18వ శతాబ్దపు హాలే. చెక్క నేల గీతలు పడకుండా బూట్ల మీద ఫెల్ట్ చెప్పులు తొడుక్కోమంటారు, లోపలికి రానిస్తారు. దాని ద్వారం మీద గ్రీకులో ‘ఆత్మకు వైద్యశాల’ అని రాసుంటుంది. వైద్యశాలకు వచ్చినవాణ్ణి వాకిట్లోంచే పంపేస్తారా? ఆస్ట్రియాలో ఆడ్మాంట్ మఠం లైబ్రరీ హాలు 70 మీటర్ల పొడవు, ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే తలమీద ఏడు గుమ్మటాలూ ఒక్కొక్కటే విచ్చుకుంటూ వస్తాయి. గుమ్మంలోంచి అది దొరకదు.

రైలుబండి82:
అజంతావి కూడా భిక్షువుల విహారాలే కదా. జనం ఊపిరి బొమ్మలకు చేటని తెలిసీ మూసేయలేదు, విడతలుగా పంపుతున్నారు. ఇక్కడా అలా చేయొచ్చు.

తాళపత్రం:
విడతలుగా అంటే రోజుకు కొందరికే దొరుకుతుంది, చివరికి డబ్బూ పరిచయాలూ ఉన్నవాళ్లే లోపలికి వెళ్తారు. గుమ్మం అయితే మామూలు టికెట్ కొన్నవాళ్లందరికీ ఒకటే. పైగా దగ్గరగా చూసేవి అక్కడా ఉన్నాయి. నడవాలో చెట్ల పుస్తకాలని 68 ఉన్నాయి, ఒక్కో పుస్తకం ఒక్కో చెట్టు. అట్ట ఆ చెట్టు చెక్కే, వీపున దాని బెరడు, తెరిస్తే కాగితాలు ఉండవు, ఆ చెట్టు ఆకూ వేరూ కాయా. అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు నాకు. మా తాతగారి దగ్గర తాటాకు కట్టలు ఉండేవి, ఎవరు అడిగినా విప్పి చేతికిచ్చేవారు. అంచులు రాలి, దారం కట్టే చిల్లులు తెగి, ఇప్పుడు ఒక్క కట్ట మిగిలింది. అందులోనూ మధ్య ఆకులే చదవడానికి వస్తాయి.

కిటికీసీటు:
అది వింటే బాధేసింది. కానీ తాతగారు మీ చేతికి ఇచ్చారు కాబట్టే కదండీ, ఇంత దూరం వెళ్లి చెట్ల పుస్తకాల ముందు నిలబడ్డారు! స్ట్రాహోవ్‌లోనే ఇంకో హాలు, థియలాజికల్ హాల్లో 1678 నాటి తిరిగే చదువుబల్ల ఉంది, చక్రంలా తిప్పుకుంటూ ఒకేసారి చాలా పుస్తకాలు చదువుకోవడానికి చేసింది. అది ఎలా తిరుగుతుందో గుమ్మంలో నిలబడిన పిల్లవాడికి ఎలా తెలుస్తుంది? పెద్దవాళ్లను ఆపండి, నాకు అభ్యంతరం లేదు. ఏడాదిలో గాలి పొడిగా ఉండే నాలుగు రోజులైనా బడిపిల్లలను లోపలికి రానివ్వాలి. దీనికి మీరేమంటారు?