సమస్యాపూరణం: నవ్వులమ్మువాడు నష్టపోయె

కవిమిత్రులకు నమస్సులు. ఈ వారం ఆటవెలది సమస్య: "నవ్వులమ్మువాడు నష్టపోయె". అమెరికన్ హాస్య రచయిత మార్క్ ట్వేన్ జీవితానికి అన్వయిస్తూ పూరించండి.

మొదటి పూరణ:

నదిని బడవ నడిపి నైపుణ్యమును జూపి
కప్ప కథను జెప్పి ఘనత గాంచె
జనులు నవ్వు మరచి చదువక విడువగా
నవ్వులమ్మువాడు నష్టపోయె

సమీక్ష: మిత్రమా, ధార చక్కగా ఉంది. మిసిసిపీ మీద స్టీమరు నడపడం, 1865 నాటి కప్ప కథతో పేరు రావడం రెండు పాదాల్లో ఇమిడాయి. మూడో పాదం మాత్రం చరిత్రకు విరుద్ధం. జనం ఆయనను ఎన్నడూ విడువలేదు. 1894లో దివాలా తీసింది ఆయన ప్రచురణ సంస్థ. "ప్రచురణముల సంస్థ పట్టు దప్పిన వేళ" అని సవరించండి, యతి కూడా నిలుస్తుంది.

రెండో పూరణ:

అచ్చు కూర్చు యంత్ర మద్భుతమని నమ్మి
ధనము నెల్ల దాన ధారవోసె
అప్పు నిలిచె యంత్ర మాగిపోయె దుదకు
నవ్వులమ్మువాడు నష్టపోయె

సమీక్ష: అసలు కారణాన్ని పట్టుకున్నారు. పెయిజ్ అక్షరాల కూర్పు యంత్రం మీద ఆయన పోసింది సుమారు 3 లక్షల డాలర్లు. అది మాటిమాటికీ చెడిపోతుండగా లైనోటైప్ అనే పోటీ కూర్పు యంత్రం ముందుకు దూసుకుపోయింది. "దాన ధారవోసె" అన్నచోట దానం చేశాడన్న భ్రమ కలుగుతోంది. "ధనము నెల్ల నందె ధారవోసె" అంటే బాగుంటుంది.

మూడో పూరణ:

దేశదేశములను దిరుగుచు నవ్వించి
అప్పులన్ని తీర్చె నణువు విడక
ఎవ్వ రనిరి యిట్టు లెఱుగక చరితను
"నవ్వులమ్మువాడు నష్టపోయె"?

సమీక్ష: భేష్! సమస్యను ప్రశ్నగా మార్చి ఎదురు తిప్పారు. మొత్తం చెల్లించమని చట్టం నిర్బంధించకపోయినా 1895లో ప్రపంచయాత్రకు బయలుదేరి, మరుసటి ఏడు బొంబాయి, కలకత్తాల్లోనూ ప్రసంగించి, 1898 నాటికి బాకీలన్నీ తీర్చిన మనిషి ఆయన.

ఒక మిత్రుని స్పందన: గురువుగారూ, యాత్ర లెక్క అంతటితో సరిపోయిందంటే నాకు మనసొప్పడం లేదు. నా పూరణ చూడండి.

సభలు ముగిసె ననెడి సంతసమ్మున నుండ
కూతు మరణవార్త కూల్చె నతని
అప్పు తీర్చవచ్చు నది తీర్చగా రాదు
నవ్వులమ్మువాడు నష్టపోయె

సమీక్ష: నాలుగింటిలో ఇదే ఉత్తమం. 1896 ఆగస్టులో ఆయన ఇంగ్లండులో ఉండగా పెద్ద కూతురు సూసీ అమెరికాలో, హార్ట్‌ఫర్డ్‌లోని సొంత ఇంట్లో మెదడు పొరల వాపుతో (మెనింజైటిస్) కన్నుమూసింది. ఆమెకు 24 ఏళ్లు. డబ్బు లెక్కల్లో తిరుగుతున్న సమస్యకు మీ మూడో పాదం వేరే అర్థాన్నిచ్చింది. అక్షరం మార్చనక్కరలేదు.

వచ్చే వారం సమస్య: "తోకచుక్క యితని తోడితెచ్చె". హేలీ తోకచుక్క కనిపించిన 1835లో పుట్టి, అది మళ్లీ వచ్చిన 1910లో ఏప్రిల్ 21న ఆయన మరణించారు. మరో వ్యక్తికి అన్వయించినా సమ్మతమే. ఆదివారంలోగా పంపండి.