కొలంబస్ టెయిల్‌గేట్: కిక్‌ఆఫ్ టైమ్ తేలేలోపు చేయాల్సినవి, తేలాక చేయాల్సినవి

ఈవెంట్ లీడ్:
అందరికీ నమస్కారం. అక్టోబర్‌లో ఓహైయో స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు హోమ్ గేమ్ ఉన్న శనివారం మన సంఘం టెయిల్‌గేట్, అంటే ఆట రోజు స్టేడియం పార్కింగ్‌లో చేసుకునే విందు, ఖాయమైంది. ఇప్పటికి 84 మంది పేర్లిచ్చారు, అందులో పిల్లలు 22. స్టేడియం టికెట్లు ఉన్నది 31 మందికే. మిగతావాళ్ళు తిని, కాసేపు టీవీలో ఆట చూసి ఇళ్ళకెళ్తారు.

కిక్‌ఆఫ్ టైమ్, అంటే ఆట మొదలయ్యే వేళ, ఇంకా రాలేదు. అది టీవీ వాళ్ళ చేతిలో ఉంటుంది. మామూలుగా 12 రోజుల ముందు చెప్తారు, ఒక్కోసారి 6 రోజుల ముందు దాకా నాన్చుతారు. ఫాక్స్ తీసుకుంటే మధ్యాహ్నం 12, సీబీఎస్ అయితే 3:30, ఎన్‌బీసీ అయితే రాత్రి 7:30. మూడింటికీ మెనూ వేరు, మనం చేరాల్సిన వేళ వేరు. కాబట్టి టైమ్‌తో సంబంధం లేని పనులు ఈ వారమే పూర్తి చేద్దాం: పార్కింగ్ పాసులు, కానపీలు (నీడకు వేసే టెంట్లు), జనరేటర్, బియ్యం, పప్పు. పాలు, పెరుగు, కూరగాయలు, చికెన్ మాత్రం టైమ్ తేలేదాకా ఎవరూ కొనొద్దు. నన్నడిగితే 12 గంటల ఆటకే సిద్ధపడటం మంచిది. ఓహైయో స్టేట్‌ను ఫాక్స్ అంత తేలిగ్గా వదలదు. పైగా అన్నిటికంటే ఇబ్బంది పెట్టే టైమ్ అదే.

పార్కింగ్, సెటప్:
పాసులు నాలుగు ఉన్నాయి. అందరూ మర్చిపోయే విషయం ఒకటి చెప్తాను. పార్కింగ్ గడి వెడల్పు సుమారు 9 అడుగులు, మన కానపీ 10 అడుగులు. అంటే ఒక్క కానపీ వేసినా పక్క గడిలోకి అడుగు దూరుతుంది. నాలుగు గడులూ వరుసగా దొరికితేనే రెండు కానపీలు, ఒక చివర గ్రిల్ పడతాయి. ముందొచ్చినవాళ్ళు కుర్చీ వేసి చోటు ఆపడం కుదరదు, అక్కడి కుర్రాళ్ళు బండ్లను వచ్చిన వరుసలోనే నిలబెట్టేస్తారు. అందుకని నాలుగు బండ్లూ బయట ఎక్కడైనా కలిసి, ఒకదాని వెనక ఒకటి గేటులోకి వెళ్ళాలి. మధ్యలో ఇంకో బండి దూరిందా, ఇక మన సామాను రెండు చోట్ల.

కింద తారు కాబట్టి మేకులు దిగవు. ఒక్కో కాలికి 40 పౌండ్ల చొప్పున ఇసుక సంచులు కట్టాలి. రెండు కానపీలకు ఎనిమిది సంచులు, మొత్తం 320 పౌండ్లు. ఇవన్నీ ఒకే బండిలో వేయొద్దు. నీళ్ళ క్యాన్లు వేలాడదీస్తే సరిపోతుందని అంటుంటారు. గాలన్ నీళ్ళు ఎనిమిది పౌండ్ల పైచిలుకే, గాలి కొడితే క్యాన్‌తో సహా లేస్తుంది.

ఇంకో మాట. ఉగాదికి వాడిన పసుపు, నీలం టేబుల్ గుడ్డలు తేవొద్దు. అవి మన ప్రత్యర్థి మిషిగాన్ జట్టు రంగులు. ఈ ఊళ్ళో ఆ తప్పు చేస్తే అడిగి మరీ ఏడిపిస్తారు. ఎరుపు, బూడిద రంగు ఏదైనా పర్లేదు.

ఫుడ్ టీమ్:
12 గంటల ఆటైతే టిఫిన్లు. పెద్దలకు మూడు, పిల్లలకు రెండు లెక్కన 230 ఇడ్లీలు, 240 అనుకుందాం. మినప్పప్పు కిలోముప్పావు, ఇడ్లీ రవ్వ మూడున్నర కిలోలు. అక్టోబర్ చలికి పిండి రాత్రికి రాత్రి పొంగదు. శుక్రవారం పొద్దున్నే రుబ్బి, అవెన్ వెలిగించకుండా లోపలి లైటు మాత్రం వేసి అందులో పెట్టండి. గిన్నె సగానికి మించి నింపకండి, పొంగిందంటే అవెన్ అడుగంతా కడుక్కోవాలి.

ఇడ్లీలు ఇళ్ళ దగ్గరే వేసి తేవాలి, పార్కింగ్ లాట్‌లో వేయలేం. పొద్దున 45 డిగ్రీల (ఫారెన్‌హీట్) చలిలో ట్రే మూత తీస్తే పది నిమిషాలకే గట్టిపడతాయి. తడిపి పిండిన పల్చటి గుడ్డ పరిచి, ఇడ్లీలు పేర్చి, పైన ఇంకో గుడ్డ కప్పి, ఇన్సులేటెడ్ డబ్బాలో పెట్టండి. ఆ డబ్బాలో ముందే పావుగంట వేడినీళ్ళు పోసి ఉంచి పారబోస్తే వేడి నిలుస్తుంది. వడ్డనకు ఒక్కో ట్రే మాత్రమే బయటికి తీయాలి. సాంబారు 12 లీటర్లు, చట్నీ పల్లీలదే. కొబ్బరి చట్నీ వద్దు, ముందు పాడయ్యేది అదే.

3:30 అయితే పులిహోర, దద్దోజనం, ఆలూ వేపుడు. పులిహోరకు ఆరు కిలోల బియ్యం, 600 నుంచి 700 గ్రాముల చింతపండు. అన్నం పెద్ద గిన్నెలో కుప్పగా వదిలేయకుండా వెడల్పు ట్రేల్లో పల్చగా ఆరబెట్టండి. కుప్పగా ఉంటే ముద్దవుతుంది, లోపలి వేడి గంటలు గంటలు దిగక పాడయ్యే ప్రమాదమూ ఉంది. 7:30 అయితే ఇదే మెనూకి వేడి టమాటా చారు కలుపుదాం, రాత్రి చలికి బాగుంటుంది. మిర్చి బజ్జీలు ఎంతమంది అడిగినా నేను ఒప్పుకోను. పార్కింగ్ లాట్‌లో, పిల్లల మధ్య, మరిగే నూనె బాండీ పెట్టేది లేదు.

వేడివి 140 డిగ్రీల పైన, చల్లవి 40 డిగ్రీల లోపు ఉండాలి. మధ్యలో ఉన్నది రెండు గంటలు దాటితే పారేయడమే, మొహమాటం వద్దు. వేడి నిలవడానికి ట్రేల కింద వెలిగించి పెట్టే స్టెర్నో డబ్బాలు గాలికి ఆరిపోతుంటాయి, స్టాండుకు మూడువైపులా ఫాయిల్ చుట్టండి. థర్మామీటర్లు రెండు కావాలి, ఎవరి దగ్గరున్నాయో చెప్పండి.

ఒక సభ్యురాలు:
వదినా, గ్రిల్ సంగతేంటి? శనివారం కదా, మా ఇంట్లో పెద్దవాళ్ళు నాన్‌వెజ్ ముట్టరు. వాళ్ళు ఆ వైపు కూర్చోవడానికి కూడా ఇష్టపడరు.

ఫుడ్ టీమ్:
నిజమేనమ్మా. కాలేజీ ఫుట్‌బాల్ అంటేనే శనివారం, మనలో సగం మందికి ఒక్కపొద్దు. అందుకే ముందే అడిగాం, 39 మంది తింటామన్నారు. ఎముకల్లేని తొడమాంసం తలకు 150 గ్రాముల చొప్పున ఆరు కిలోలు, అంటే 13 పౌండ్లు. ఇంట్లోనే మసాలా పట్టించి, జిప్‌లాక్ సంచుల్లో ఐసు కింద పూడ్చి తేవాలి. ఆ కూలర్‌లో ఇంకేమీ పెట్టొద్దు. గ్రిల్ చివరి గడి దగ్గర, గాలి మనవైపు వీచని పక్కన ఉంటుంది. పట్టకార్లు, ట్రేలు, వడ్డించే మనిషి అన్నీ వేరు. లోపల 165 డిగ్రీలు వచ్చాకే దించాలి, రంగు చూసి దించొద్దు. ఆ శనివారం నవరాత్రుల్లో పడుతోందంటే మాత్రం గ్రిల్ మానేద్దాం, పన్నీరుతో సరిపెడదాం.

టీ బాధ్యత:
100 కప్పులకు పాలు రెండు గాలన్లు, నీళ్ళు ఒక గాలన్, టీపొడి 250 నుంచి 300 గ్రాములు, పంచదార కిలో. అల్లం ముందు నీళ్ళలో బాగా మరిగాకే పాలు పోయాలి. పచ్చి అల్లం పాలలో వేస్తే విరుగుతాయి, అప్పుడు రెండు గాలన్లూ పోతాయి. పంచదార లేని టీ చిన్న ఫ్లాస్కులో వేరే. ప్రొపేన్ సిలిండర్ 20 పౌండ్లది ఒకటి చాలు, కారులో నిలబెట్టే తేవాలి, కిటికీ కొంచెం దించి ఉంచాలి. లైటర్లు మూడు తెండి, ఎప్పుడూ ఒకటి కనబడదు.

టీవీ, కరెంటు:
ఫోన్‌లో స్ట్రీమింగ్ పెడతామని ఎవరూ మాటివ్వొద్దు. ఆ స్టేడియంలో పట్టేదే 1,02,780 మంది, బయట ఇంకెంతమందో. ఆట మొదలయ్యేసరికి నెట్‌వర్క్ పడకేస్తుంది. ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీ మూడూ యాంటెన్నాకు ఉచితంగా వస్తాయి. ఫ్లాట్ యాంటెన్నా కానపీ కాలికి ఎత్తుగా కట్టి, లాట్‌లోకి వెళ్ళాక ఛానళ్ళు మళ్ళీ స్కాన్ చేయాలి. ఇంట్లో చేసిన స్కాన్‌ను నమ్ముకోకూడదు. ఇంకో లాభం, స్ట్రీమింగ్ అర నిమిషం వెనకుంటుంది, పక్క టెంట్ వాళ్ళ అరుపు విని టచ్‌డౌన్ అయిందని మనకి ముందే తెలిసిపోతుంది. యాంటెన్నాతో ఆ బాధ తక్కువ.

2000 వాట్ల ఇన్వర్టర్ జనరేటర్ టీవీకి, లైట్లకు బోలెడు. దానిమీద టీ కెటిల్, రైస్ కుక్కర్ కలిపి పెడితే ట్రిప్ అవుతుంది. కానపీ కింద పెట్టొద్దు, పొగ పక్క టెంట్ మీదికి పోకుండా చూడండి. వేడిగా ఉండగా పెట్రోలు పోయకండి. 7:30 ఆటైతే లైట్లు తప్పనిసరి, అక్టోబర్‌లో ఏడున్నరకల్లా చీకటి పడుతుంది.

టికెట్లవాళ్ళకు:
టికెట్ ఇంట్లో వైఫై ఉండగానే ఫోన్ వాలెట్‌లోకి దించుకోండి. గేటు దగ్గర సిగ్నల్ రాక నిలబడేవాళ్ళే ఎక్కువ. పారదర్శకంగా ఉన్న సంచి అయితేనే లోపలికి: 12 అంగుళాల పొడవు, 12 ఎత్తు, 6 వెడల్పు దాటకూడదు. గాలన్ జిప్‌లాక్ అయినా చాలు. మామూలు హ్యాండ్‌బ్యాగులు కారులోనే వదలండి, అమ్మగార్లకు ఇది ముందే చెప్పండి. ఆటకు అరగంట ముందే సీట్లలో ఉండాలి. బ్యాండు వాళ్ళు మైదానంలో నడుస్తూ ఓహైయో అని రాసే స్క్రిప్ట్ ఓహైయో అప్పుడే ఉంటుంది, చివర్లో ఐ మీద చుక్కగా సూసాఫోన్ (పెద్ద ఇత్తడి బాకా) వాద్యకారుడు నిలబడతాడు.

టికెట్ లేనివాళ్ళు, ముఖ్యంగా ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, సెయింట్ జాన్ అరీనాలో స్కల్ సెషన్‌కు, అంటే ఆటకు ముందు జరిగే బ్యాండు కచేరీకి, వెళ్ళొచ్చు. అదే బ్యాండు, ప్రవేశం ఉచితం. బయల్దేరేటప్పుడే వాళ్ళకు టిఫిన్ పెట్టేయాలి. లోపల మోత బాగా ఉంటుంది, చంటిపిల్లలకు చెవులు మూసే హెడ్‌ఫోన్లు తెండి. దారిలో ఎవరైనా "ఓ-హెచ్" అని అరిస్తే "ఐ-ఓ" అని అరవాలి, అంతే.

కొత్తవాళ్ళ కోసం:
పది గజాలు ముందుకు పోవడానికి నాలుగు అవకాశాలు. పోయారా, మళ్ళీ నాలుగు. పోలేదా, బంతి అవతలివాళ్ళది. ఓవర్ అయిపోయేలోపు ఇన్ని పరుగులు తీస్తే ఇంకో ఓవర్ ఇస్తామన్నట్టు అనుకోండి. టచ్‌డౌన్‌కు 6, దాని తర్వాత కాలితో కొడితే 1, మళ్ళీ పరిగెత్తి చేరితే 2, ఫీల్డ్ గోల్‌కు 3. నాలుగో అవకాశంలో చాలాసార్లు బంతిని దూరంగా తన్నేస్తారు, ఓడిపోయి కాదు, అవతలివాళ్ళను వాళ్ళ గోల్ దగ్గరికి నెట్టడానికి. ఇది అర్థమైతే సగం ఆట అర్థమైనట్టే. మొత్తం సుమారు మూడున్నర గంటలు పడుతుంది.

ఈవెంట్ లీడ్:
బాగుంది. రెండు ఖాళీలున్నాయి. శుక్రవారం సాయంత్రం హైస్కూల్ ఆటలు ఉంటాయి, డబ్లిన్, పావెల్ వైపు పిల్లల్లో చాలామంది మార్చింగ్ బ్యాండ్‌లో ఉన్నారు కాబట్టి వాళ్ళ తల్లిదండ్రులు వంటకు రాలేరు. కూరగాయలు తరగడానికి, ట్రేలు సర్దడానికి శుక్రవారం 5 నుంచి 9 దాకా పిల్లలు లేని కుర్రాళ్ళు నలుగురు కావాలి.

రెండోది ఆట అయ్యాక. లేన్ అవెన్యూ, 315 హైవే రెండూ గంటకు పైగా కదలవు. వెంటనే బండి తీయడం వృథా. అందుకే దద్దోజనం ఏ మెనూలోనైనా ఉంటుంది. మూడు కిలోల బియ్యం, వేడి అన్నంలో పాలు పోసి మెత్తగా కలిపి, చల్లారాక కొంచెమే పెరుగు. దాన్ని ఐసు కూలర్‌లో దాచి, ఆట అయ్యాకే తీద్దాం. అదే గంటలో గ్రిల్ బొగ్గులు ఆర్పడం, కానపీలు మడవడం, చెత్త సంచులు కట్టడం చేయాలి. బొగ్గులు చల్లారకుండా చెత్త సంచిలో వేయొద్దు. దీనికి ఆరుగురు కావాలి, టికెట్లు లేనివాళ్ళయితే మంచిది. పేర్లు ఆదివారం రాత్రిలోపు ఇక్కడే పెట్టండి, టైమ్ తేలగానే మూడు ప్లాన్లలో ఒకటి ఉంచి మిగతా రెండూ తీసేస్తాను.